దుకాణానికి ల్యాండ్‌లైనే ఉంచాలా, నెట్ ఫోన్‌కు మారాలా?

విత్తనాల దుకాణం, వరంగల్:
అన్నలారా, జర లెక్క చూసి చెప్పుండ్రి. వరంగల్‌ల మాకు విత్తనాలు, పురుగుమందుల దుకాణం ఉన్నది. నర్సంపేటల ఇంకోటి. ఇక్కడ రెండు ల్యాండ్‌లైన్లు, ఒక్కోటి నెలకు 600. 18 శాతం జీఎస్టీ కలిపితే రెంటికీ 1,416. నెట్ ఫోన్, అంటే ఇంటర్నెట్ మీద నడిచే ఫోన్, అమ్మేటాయన మనిషికి 450 చొప్పున ఐదుగురికి 2,250, జీఎస్టీతోటి 2,655 అన్నడు. ఫోన్లు వేరే, ఒక్కోటి 4,000. అయినా ఇదే అగ్గువ అంటున్నడు. ఎట్ల అగ్గువ?

హన్మకొండ నెట్‌వర్క్:
నాది ఈ పనే, ముందే చెప్తున్న. బిల్లు పక్కన బిల్లు పెడితే మీకు ల్యాండ్‌లైనే అగ్గువ. కానీ మృగశిర కార్తె పడ్డంక పత్తి గింజల కోసం రైతులు పొద్దుగాల నుంచే ఫోన్లు చేస్తరు గదా. రెండు లైన్లు మాట్లాడుతుంటే మూడో రైతుకు ఎంగేజ్ వస్తది, ఆయన పక్క దుకాణానికి చేస్తడు. ఆ పోయిన గిరాకీ ఏ బిల్లుల కనబడదు. నెట్ ఫోన్ల ఐదుగురు ఒక్కపారే మాట్లాడొచ్చు. ఒక్క కాల్‌కు నెట్ స్పీడు 90 కేబీపీఎస్ లోపే పడుతది, ఐదింటికి అర ఎంబీపీఎస్ చాలు. 4,000 ఫోన్లు కొనకుండ్రి. ఏటీఏ అని చిన్న డబ్బ వస్తది, దానికి పాత ఫోనే గుచ్చొచ్చు. లేదంటే సెల్లుల యాప్ వేసుకోవచ్చు.

కాజీపేట పెద్దాయన:
ముప్పై ఏళ్ళు టెలిఫోన్ ఎక్స్ఛేంజీలో పనిచేసి రిటైరయ్యాను. కరెంటు పోతే నీ నెట్ ఫోన్ సంగతేమిటి తమ్మీ? రాగి తీగ మీద 48 వోల్టులు ఎక్స్ఛేంజీ నుంచే వస్తాయి. ఊరంతా చీకటైనా ఫోన్ మోగుతుంది. మా బ్యాటరీ గదిలో రెండు వోల్టుల సెల్లులు 24 వరుసగా ఉండేవి. డిస్టిల్డ్ వాటర్ పోసి, హైడ్రోమీటరు ముంచి, ఒక్కో సెల్లు రీడింగు రిజిస్టరులో రాసేవాళ్ళం. 2023 జూలైలో మన కాలనీలు మునిగినప్పుడు కరెంటు లేక మా వాడకట్టులో సెల్‌ఫోన్లన్నీ ఆగిపోయాయి. చుట్టాల క్షేమం తెలియక రెండు రోజులు తిప్పలు పడ్డాం. అది గుర్తుపెట్టుకొని మాట్లాడు.

హన్మకొండ నెట్‌వర్క్:
48 వోల్టులు సరే సార్, తీగ తెగితే? మా షాపు ముందట కాల్వకు తవ్వి కేబుల్ తెంపిండ్రు. 23 రోజులు ఫోన్ లేదు. రోజూ పోయి అడిగితే రేపు, ఎల్లుండి అన్నరు. ఆ నెల కిరాయి మాత్రం మొత్తం కట్టించుకున్నరు. రూటర్‌కు మినీ యూపీఎస్ పెడితే మూడు నాలుగు గంటలు నడుస్తది.

మిర్చి యార్డు:
ఎనుమాములల మా అడ్తికి ల్యాండ్‌లైన్ తీసేసి నాలుగేండ్లాయె. రైతులు సెల్లుకే చేస్తరు. మీ రెండూ దండుగే.

కాజీపేట పెద్దాయన:
తెంపినవాడిది తప్పు, తీగది కాదు. నాలుగు గంటల తరువాత ఏం చేస్తావో అది చెప్పలేదు.

సుబేదారి క్లినిక్:
మాది పళ్ళ దవాఖాన. నెట్ ఫోన్‌కు ఏడాది పైసలు ముందే కట్టినం. ఎనిమిదో నెలల ఆ కంపెనీ ఎత్తేసింది, నంబరు కూడ దానితోనే పోయింది. బోర్డు మీద, చీటీల మీద, మందుల కవర్ల మీద అచ్చేయించిన నంబరది. నంబరు ఎవరి పేరు మీద ఉంటదో ముందు అడుగుండ్రి.

హన్మకొండ నెట్‌వర్క్:
అమ్మా, లైసెన్సు ఉన్న కంపెనీయా కాదా చూసుకోవాలె. 2018ల సర్కారు ఇంటర్నెట్ టెలిఫోనీకి దారి ఇచ్చినంక మస్తుమంది దిగిండ్రు. అందరినీ ఒక్క గాటన కట్టొద్దు.

విత్తనాల దుకాణం, వరంగల్:
సార్, మీ 48 వోల్టుల మాట చదివి ఇయ్యాల దుకాణంల చూసిన. గోడకు తెల్ల డబ్బ, సన్నటి పసుప్పచ్చ తీగ. ఫోన్ తీగ ఆ డబ్బకే గుచ్చి ఉన్నది. స్విచ్ తీస్తే ఫోన్ చచ్చిపోయింది. ఇదేంది?

హన్మకొండ నెట్‌వర్క్:
అది ఫైబర్ అన్నా, గాజు తీగ. దాంట్ల కరెంటు రాదు. మీ మాట ఇప్పటికే నెట్ ఫోన్ లెక్కనే పోతున్నది. లేని రాగి తీగ గురించి మూడు రోజుల నుంచి కొట్లాడుతున్నం. సార్‌కు ఇది తెల్వకనా? తెలిసి కూడ నన్ను దొంగను చేసిండ్రు.

కాజీపేట పెద్దాయన:
మాట మర్యాదగా రానీ. నిన్ను దొంగ అనలేదు. నాకు అమ్ముకునేది ఏమీ లేదు, నీకు ఉంది. ఫైబర్ అని ముందే అడగకపోవడం నా పొరపాటు, ఒప్పుకుంటాను. మరి నంబరు మాటేమిటి? మొబైల్‌కు 2011 నుంచి దేశమంతా పోర్టింగ్, అంటే కంపెనీ మారినా అదే నంబరు ఉంచుకునే వీలు, ఉంది, ల్యాండ్‌లైన్‌కు లేదు. పాత నంబరు బతకాలంటే ఆ 600 కడుతూ కొత్తదానికి ఫార్వర్డ్ పెట్టుకోవాలి. నీ లెక్కలో ఆ 600 ఎందుకు రాయలేదు?

హన్మకొండ నెట్‌వర్క్:
ఆయన ధర అడిగిండు, నంబరు అడగలె. అన్నా, నంబరు కావాల్నా వద్దా? నువ్వే చెప్పు.

విత్తనాల దుకాణం, వరంగల్:
చెప్పాలె ఇగ. 0870 తరువాత ఆరంకెలున్నప్పటి నుంచి అది బాపు నంబరు. ముందట 2 చేరిన రోజు బాపు బోర్డు మీద తనే రంగుతోటి దిద్దిండు. ఆ 2 మిగతా అంకెల కన్నా జర కిందికి ఉంటది ఇప్పటికీ. బాపు పోయి రెండేండ్లు, బిల్లు ఇంకా ఆయన పేరు మీదనే వస్తది. మా అన్న, నేను వేరు పడుతున్నం. వరంగల్ దుకాణం అన్నకు, నర్సంపేట నాకు. నెక్కొండ, ఖానాపురం రైతులు బాపు నంబరుకే చేస్తరు. నెట్ ఫోన్ అయితే ఒక్క నంబరు రెండు దుకాణాలల్ల మోగుతదని అమ్మేటాయన చెప్పిండు. అన్నేమో ల్యాండ్‌లైన్ ముట్టనియ్యడు. అగ్గువ అని లెక్క చూపెడితే వింటడేమో అని ఇక్కడ అడిగిన.

హన్మకొండ నెట్‌వర్క్:
ఈ ముక్క మొదాలే చెప్తే అయిపోవు గదా అన్నా. ఈ పనికి నెట్ ఫోన్ కొనుడే అక్కర లేదు. వరంగల్‌ల ఎంగేజ్ ఉన్నప్పుడు, ఎత్తనప్పుడు నర్సంపేటకు పోయేటట్టు ఫార్వర్డ్ పెట్టుకోవచ్చు. కానీ ఏ రైతు ఎవరి గిరాకీ అనేది మీరిద్దరే తేల్చుకోవాలె. నేను ఏ డబ్బ అమ్మినా అది తేలదు.

కాజీపేట పెద్దాయన:
నెట్‌వర్క్ తమ్ముడు సరిగ్గా చెప్పాడు. ముందు నంబరు వారసుల పేరు మీదికి మార్పించు బాబూ. మరణ ధ్రువపత్రం, మిగతా వారసుల సమ్మతి పత్రం అడుగుతారు. మీ అన్న పేరు మీదికి పోవాలంటే ఆ కాగితం మీద నీ సంతకం కావాలి, నీ పేరు మీదికి రావాలంటే మీ అన్నది.

విత్తనాల దుకాణం, వరంగల్:
ఆదివారం అన్న ఇంటికి పోతున్న. ఆ ఫారం ఎక్కడ ఇస్తరు సార్?

కాజీపేట పెద్దాయన:
కస్టమర్ సర్వీస్ సెంటర్‌లో. పాత బిల్లు ఒకటి, ఇద్దరి గుర్తింపు కార్డులు తీసుకొని సోమవారం ఇద్దరూ కలిసే వెళ్ళండి.