సమస్య: తిట్టినంతనె చిత్రమ్ము తేజరిల్లె

నిర్వాహకుడు: రివ్యూ చదివి టికెట్టు రద్దు చేసుకున్న మా తమ్ముడు, హాలు నిండిందని తెలిసి మళ్ళీ కొన్నాడు. అప్పుడు తట్టిన పాదం ఇది. ఇదే చివరి పాదంగా, పైన మూడు పాదాలు చేర్చి పద్యం పూరించండి. ఆదివారం రాత్రి దాకా గడువు.

ఓరుగల్లు పద్యం:

పత్రికల వారు షోలేను పసయె లేని
దనుచుఁ దెగనాడి రైదేండ్లు దాటి యాడె
బొంబయి మినర్వలో, నట్టి బుధులు కినిసి
తిట్టినంతనె చిత్రమ్ము తేజరిల్లె

పాలకొల్లు: ‘తెగనాడి రైదేండ్లు’ దగ్గర కూర్పు బాగా కుదిరింది తమ్ముడూ. కానీ ‘అంతనె’ మాటేమిటి? 1975 ఆగస్టు 15న విడుదలైతే మొదటి రోజుల్లో హాళ్ళలో చప్పుడే లేదు. చూసినవాళ్ళు ఇంకొకళ్ళకి చెప్పాకే జనం కదిలారు. తర్వాత గబ్బర్ డైలాగుల రికార్డులు ఊరూరా మోగాయి. తిట్టు వల్ల తేజరిల్లలేదు, తిట్టినా తేజరిల్లింది. సమస్యలో బిగువంతా ఆ ఒక్క మాటలోనే ఉంది.

ఓరుగల్లు పద్యం: ఒప్పుకోను. ఆ ఏడు ఫిల్మ్‌ఫేర్‌లో ఆ సినిమాకి దక్కింది ఎడిటింగ్ బహుమతి ఒక్కటే. పండితులు పక్కన పెట్టారనే నా పద్యం చెబుతోంది. ‘అంతనె’ని అంత గట్టిగా పట్టుకుంటే ఎవరూ పూరించలేరు.

పాలకొల్లు: పూరించవచ్చు.

గయ్యి మని లేచి గుండమ్మ కయ్యమునకు
సూర్యకాంతమ్ము లక్ష్మినిఁ జూచినపుడు
నోటఁ గారాలు మిరియాలు నూఱి నూఱి
తిట్టినంతనె చిత్రమ్ము తేజరిల్లె

డాలస్ తెలుగు: అద్భుతం అక్కా! తిట్టేది విమర్శకుడు కాదు, తెర మీది గుండమ్మ. ఆవిడ నోరు విప్పగానే నిజంగానే తెర వెలుగుతుంది. 1962లో వచ్చిన ‘గుండమ్మ కథ’ సినిమాని మా పిల్లలు ఇక్కడ ఇప్పటికీ చూస్తున్నారు. మూడో పాదం ఒక్కదానికే వంద మార్కులు.

తెనాలి అక్షరం: పాలకొల్లు గారి పద్యం రుచిగానే ఉంది, ఆవిడ వంటలో మిరియాలు ఎప్పుడూ ఉంటాయి. అయితే విమర్శకుల సంగతే పద్యంలో లేదు. నాది చూడండి.

బహుమతినిఁ బొంది బంగారు పాప నిలిచె
డబ్బుపెట్టెకు మాత్రము ధనము రాదు
మెప్పు ముంచదు, కల్లయే మీర లనుట
తిట్టినంతనె చిత్రమ్ము తేజరిల్లె

పాలకొల్లు: మాస్టారూ, రెండో పాదంలో మొదటి అక్షరం ‘డ’కి ‘ధ’తో యతా? ఆ రెండక్షరాలకీ మైత్రి లేదుగా! పైగా ‘కల్ల’ అనేసి తప్పుకోవడం మీకు అలవాటైపోయింది. ఉగాదికి ఇచ్చిన ‘ఎండ కాయఁగఁ జలిమంట లెగసె నపుడు’ సమస్యకీ మీరు ఇదే దారి పట్టారు.

ఓరుగల్లు పద్యం: ఉగాది పూరణలంటే అక్కదే గుర్తొస్తుంది. మే నెలలో రెంటచింతలలో షూటింగ్ పెట్టించి, శాలువాలు కప్పి, హిమాలయాల సీను తీయించింది! చలిమంట దగ్గర చెమటలు కారే హీరోని నేను ఇప్పటికీ మరిచిపోలేదు.

తెనాలి అక్షరం: ఆ పూరణ మెచ్చుకున్నవాళ్ళలో నేనే మొదటివాణ్ణి. యతి సవరిస్తున్నాను: ‘డబ్బుపెట్టెకు మాత్రము డబ్బు రాదు’. ‘కల్ల’ మాత్రం తీయను. బి.ఎన్. రెడ్డి తీసిన ఆ ‘బంగారు పాప’ సినిమాకి జాతీయ స్థాయి బహుమతి వచ్చింది, ఎస్వీ రంగారావు కోటయ్యగా ప్రాణం పెట్టాడు, జనం మాత్రం రాలేదు. మెప్పు ముంచిందంటే అది తీసినవాళ్ళకి అన్యాయం.

నిర్వాహకుడు: ఇక్కడ మాస్టారి పక్షమే నాది. 1980 ఫిబ్రవరి 2న శంకరాభరణం విడుదలైనప్పుడు మొదటి రోజుల్లో కుర్చీలు ఖాళీ. తర్వాత విమర్శకులూ మెచ్చారు, జనమూ విరగబడ్డారు, జాతీయ బహుమతి స్వర్ణకమలమూ వచ్చింది. మెప్పుకీ డబ్బుకీ పగ లేదు. సవరించిన పాదం చేర్చాను. ‘అంతనె’కి న్యాయం చేసింది మాత్రం ఇప్పటికి పాలకొల్లు గారొక్కరే. ఓరుగల్లు తమ్ముడూ, మూడో పాదం మార్చి ఇంకోసారి పెట్టు, గడువుంది.