కింది వైఫైలో ఉంటే పైన డీవీఆర్ దొరకడం లేదు

మాది రెండంతస్తుల ఇల్లు. ఫైబర్ రౌటర్ కింద హాల్లో ఉంది. దాని నుంచి కేబుల్ లాగి పై గదిలో పాత రౌటర్ పెట్టాను. సీసీ కెమెరాల డీవీఆర్ (రికార్డింగ్ పెట్టె) దానికే వైరుతో కలిపాను. పై వైఫైలో ఉంటే ఫోన్‌లో గేటు చక్కగా కనిపిస్తుంది, కింది వైఫైకి మారగానే కనెక్ట్ కావడం లేదు. అమ్మకు మోకాళ్ల నొప్పులు. బెల్ కొట్టింది ఎవరో కూర్చున్న చోటే చూసుకోగలగాలి. డీవీఆర్ ఐపీ (నెట్‌వర్క్‌లో దాని అడ్రస్ నంబర్) 192.168.0.50. రెండు రోజులుగా ఇదే టెన్షన్.

జవాబు: కింద ఉన్నప్పుడు ఫోన్ ఐపీ ఎంత వస్తోందండీ?

ప్రశ్న అడిగినవారు: 192.168.1.7 అండీ.

జవాబు: అదే సంగతి. మూడో అంకె డీవీఆర్‌కు 0, ఫోన్‌కు 1, అంటే రెండూ వేరే నెట్‌వర్కుల్లో ఉన్నాయి. పై రౌటర్‌లో కేబుల్ వ్యాన్ పోర్టులో (బయటి నెట్ తీసుకునేది) ఉండి ఉంటుంది, రంగు వేరుగా ఉండేది. అప్పుడు అది సొంతంగా ఇంకో నెట్‌వర్క్ నడుపుతుంది. లోపలివాళ్లను బయటికి పోనిస్తుంది, కింది నుంచి వచ్చేవాళ్లను రానివ్వదు. ముందు దాని ఐపీని 192.168.1.2 చేసి, డీహెచ్‌సీపీ (పరికరాలకు ఐపీలు పంచే పని) ఆపేయండి. ఆ తర్వాతే కేబుల్‌ను ల్యాన్ పోర్టులోకి (ఇంట్లో పరికరాలు కలిపేది) మార్చండి. లేకపోతే రెండు రౌటర్లూ ఐపీలు పంచుతాయి, ఇల్లంతా నెట్ తడబడుతుంది.

ఇంకొకరు: డీవీఆర్‌కు ఐపీ మీరే టైప్ చేసి ఉంటే, టీవీకి కలిపి మెనూలో 192.168.1.50 అని, గేట్‌వే (బయటి నెట్‌కు దారి, అంటే కింది రౌటర్) 192.168.1.1 అని మార్చండి. మా ఇంట్లో ఆగింది అక్కడే.

ప్రశ్న అడిగినవారు: గేట్‌వే కూడా మార్చాక వచ్చిందండీ! ఇందాకే అమ్మ కింద నుంచి "పాలబ్బాయి వచ్చాడు, తలుపు తియ్యి" అని కేకేసింది.