ఓట్లు ఎక్కువ, పారితోషికం తక్కువ: లోపం రాతలో ఉందా, లెక్కలో ఉందా?

సందేహం (సికింద్రాబాద్ నుంచి):
ఓట్లను బట్టి పారితోషికం ఇచ్చే ఒక వేదికలో ఆరు నెలలుగా తెలుగులో రాస్తున్నాను. 2022లో బాగుచేసి తెరిచిన బన్సీలాల్‌పేట మెట్ల బావి దగ్గరికి మూడు ఆదివారాలు వెళ్లి, ఆ వీధి పెద్దలను అడిగి రాసిన వ్యాసానికి నలభై ఓట్లు పడితే నాలుగు సెంట్లు వచ్చాయి. ఇరానీ చాయ్ కప్పు ఫొటో కింద రెండు ముక్కలు రాసినాయనకు ఏడు ఓట్లకే పన్నెండు డాలర్లు ముట్టాయి. డబ్బు తీసుకుని ఓట్లు వేసే సేవలు ఉన్నాయట, వాడవచ్చునా?

జవాబు:
మీరు వేదిక పేరు చెప్పలేదు గనుక, ఇలాంటి వేదికలే అయిన, 2016లో మొదలైన స్టీమ్, దాని నుంచి 2020 మార్చిలో విడిపోయిన హైవ్ పద్ధతిని బట్టి చెబుతాను. హైవ్‌లో ఓటు విలువ, వేసినవారు ఖాతాలో ‘పవర్’ పేరిట నిల్వ ఉంచిన టోకెన్లను (ఆ వేదిక డిజిటల్ నాణేలను) బట్టి ఉంటుంది. కొత్త ఖాతాలు నలభై కలిసినా ఒక పెద్ద ఖాతాకు సరితూగవు.

ఇక ఆ పెద్ద ఖాతాలు చాయ్ ఫొటోకు ఎందుకు వేస్తాయంటారా? పారితోషికంలో ఓటర్లకు 2019 ఆగస్టు వరకు పావు వంతు వచ్చేది, ఆ తరువాత సగం వస్తోంది. పూర్తి బలంతో వేసిన ప్రతి ఓటుకూ ఓటు శక్తిలో (ఓట్లు వేసే కొద్దీ తరిగే నిల్వలో) 2 శాతం ఖర్చవుతుంది, రోజుకు 20 శాతం తిరిగి నిండుతుంది, నిండిన తరువాత వాడనిదంతా వృథా. అందుకని చాలామంది ఒక రచయితల జాబితా పెట్టుకుని, వారు ఏం రాసినా దానంతట అదే ఓటు పడేలా అమర్చుకుంటారు. ముందుగా వేసినవారికి ఎక్కువ దక్కే పద్ధతిని 2021లో మార్చి, తొలి 24 గంటల ఓట్లన్నింటినీ సమానం చేయడంతో ముందుగా ఓటు వేయడానికి బాట్లు (దానంతట అదే ఓటు వేసే ప్రోగ్రాములు) తీసే పరుగు తగ్గింది గాని, చదివి వేసినా చదవకుండా వేసినా గిట్టుబాటు ఒక్కటే. నా దృష్టిలో అసలు లోపం ఇక్కడే ఉంది.

ఓట్లు కొనకండి. డౌన్‌వోట్లకు (రాబడిని తగ్గించే వ్యతిరేక ఓట్లకు) 2019 నుంచి విడిగా కొంత శక్తి కేటాయించారు గనుక, కొన్న ఓట్లను గమనించినవారు పారితోషికం ఖరారయ్యే ఏడు రోజుల గడువులోగా మీ రాబడిని కోసివేయగలరు. దానికన్నా, తెలుగు రాని పెద్ద ఓటర్ల కోసం వ్యాసం అడుగున నాలుగు వాక్యాల ఆంగ్ల సారాంశం ఇవ్వండి. చేత్తో ఎంచి ఓటు వేసే సముదాయాల్లో పెట్టండి. ఇతరుల వ్యాసాల కింద నిజంగా చదివినట్టు తెలిసే వ్యాఖ్యలు రాయండి. వ్యాఖ్యకు కూడా ఓటు పడుతుందన్న సంగతి చాలామంది మరచిపోతారు.

మళ్లీ అడిగినవారు:
ధన్యవాదాలండీ. గడువు దాటిపోయింది కదా, సారాంశం చేర్చి అదే వ్యాసాన్ని తిరిగి పెట్టవచ్చునా?

జవాబు:
వద్దండీ, యథాతథంగా పెడితే డౌన్‌వోట్లు పడతాయి. బావిలో పూడిక తీసిన వైనం వంటి, అప్పుడు రాయకుండా వదిలేసిన సంగతి ఏదైనా ఉంటే కొత్తగా రాసి, అందులో పాత వ్యాసానికి లంకె ఇవ్వండి.