జనవరిలో కొన్నవి, ఏడాదంతా చదివినవి

కృష్ణలంక పాఠకుడు:
గత జనవరిలో విజయవాడ పుస్తక మహోత్సవంలో పదకొండు పుస్తకాలు కొన్నాను. ఏడాది చివర లెక్క చూసుకుంటే వాటిలో పూర్తిచేసినవి మూడే. అలాగని చదవడం మానలేదు. లెనిన్ సెంటర్ పాత పుస్తకాల దుకాణాల్లో ముప్పైకీ నలభైకీ తెచ్చుకున్నవీ, ఎవరో చదివి నా చేతిలో పెట్టినవీ కలిపి పద్దెనిమిది అయ్యాయి. స్వరాజ్ మైదానంలో ఉత్సవం జరిగే రోజుల నుంచీ నాకిదే వరస. జాబితా రాసుకుని మరీ కొన్నవి అటకెక్కుతుంటే, అనుకోకుండా దొరికినవే ఎందుకు పూర్తవుతున్నాయో అంతుపట్టడం లేదు.

బ్రాడీపేట, గుంటూరు:
చిక్కంతా ఆ జాబితాలోనే ఉందండీ. స్టాలు ముందు నిలబడి మనం కొనేది చదివి ఉండాల్సిన పుస్తకం. రాత్రి భోజనాలయ్యాక చేయి వెళ్లేది చదవాలనిపించిన పుస్తకం మీదికి. ఉన్నవ లక్ష్మీనారాయణ గారి ‘మాలపల్లి’ నా జాబితాలో ఇరవై ఏళ్లు ఉండిపోయింది. జైల్లో రాశారనీ, 1922లో అచ్చయిందనీ, ప్రభుత్వం నిషేధించిందనీ పోటీ పరీక్షల కోసం బట్టీ పట్టినవాణ్ణే గాని పుస్తకం తెరిచిన పాపాన పోలేదు. ఈ వేసవిలో కరెంటు పోయిన ఒక మధ్యాహ్నం, వరండాలో ఊరికే పేజీలు తిప్పుతుంటే రామదాసు ఇంటి మాటలు మా అమ్మమ్మ మాటల్లాగే వినిపించాయి. అక్కడి నుంచి వదల్లేదు. మధ్యలో తత్త్వచర్చ వచ్చినచోట నాలుగైదు పేజీలు దాటేశానని ఒప్పుకుంటాను, కాని రామదాసు కొడుకు సంగదాసు చనిపోయిన చోట పుస్తకం మూసి, ఆ పూట ఇక చదవలేకపోయాను. ఉన్నవ వారు ఆడపిల్లల చదువు కోసం స్థాపించిన శారదానికేతనం ముందు నుంచి ఇన్నేళ్లుగా వెళ్తూనే ఉన్నాను. మొన్న మొదటిసారి బండి ఆపి చూశాను.

సత్యనారాయణపురం కోడలు:
సంఖ్య చెప్పాల్సి వస్తే నేను చదివినవి నాలుగే. మా అత్తగారికి కంటి శుక్లాల ఆపరేషన్ అయ్యాక కొంతకాలం చదవవద్దన్నారు కాబట్టి, సాయంత్రం దీపం పెట్టాక రోజూ పది పేజీలు పైకి చదివి వినిపించాను. నేను తొందరపడితే, “ఆ ముక్క మళ్లీ చదవమ్మా” అని ఆవిడ ఆపేవారు. అలా ఆగినప్పుడే, నా కన్ను ఎన్ని వాక్యాలను ఊరికే దాటేస్తోందో తెలిసింది. కన్ను బాగుపడి రెండు నెలలైనా ఇద్దరం ఆ పది పేజీలు మానలేదు.

తెనాలి రైలు ప్రయాణికుడు:
నాది వేరే అభిప్రాయం. గడువు ఉన్న పుస్తకమే పూర్తవుతుంది. మా శాఖా గ్రంథాలయంలో పదిహేను రోజులకు తిరిగి ఇవ్వాలి. ఆ భయంతోనే రైల్లో నిలబడి అయినా చదువుతాను. సొంత పుస్తకం ఎక్కడికీ పోదు కదా అని ఆగుతాం. ఒక్క అపశ్రుతి మాత్రం చెప్పాలి: పోయిన నెల తెచ్చుకున్న అపరాధ పరిశోధన నవలలో చివరి ఎనిమిది పేజీలు లేవు, హంతకుడెవరో నాకు ఇప్పటికీ తెలియదు.

కృష్ణలంక పాఠకుడు:
గడువు మాట నాకు తగిలింది. పై వాటాలో ఉండే రిటైర్డు లెక్కల మాస్టారి దగ్గరా నాలాంటి అటకే ఉందని తెలిసి, నిన్న నా ఎనిమిదీ ఆయనకిచ్చి ఆయనవి ఆరు తెచ్చుకున్నాను. సంక్రాంతి వెళ్లిన మర్నాడు తిరిగి ఇవ్వాలని ఆయన తారీఖు వేసి మరీ ఇచ్చారు. నిన్న రాత్రే ఒకటి సగమైంది.