500 జనం లేకపోతే రోడ్డు రాదా?

ప్రశ్న:
మాది పాడేరు వైపు కొండ మీద చిన్న ఊరు. గడపలు 60 దాటవు. మెయిన్ రోడ్డు మీద బస్సు దిగి 4 కిలోమీటర్లు నడవాలి, మధ్యలో గెడ్డ (కొండవాగు). వానాకాలం చెప్పులు చేత్తో పట్టుకుని దాటుతాం. మొన్న మా వదినకి నొప్పులొస్తే డోలీ కట్టి మోశాం. ముందు కర్ర నా భుజం మీదే, ఇంకా కమిలే ఉంది. రోడ్డు సంగతి అడిగితే "500 జనాభా ఉంటేనే" అన్నారు. నిజమేనా?

జవాబు:
సగమే నిజం అన్నా. పల్లెలకి రోడ్లేసే కేంద్ర పథకం గ్రామ సడక్ యోజనలో 500 అన్నది మైదానానికి. మీ పాడేరు లాంటి ఐదో షెడ్యూల్ (గిరిజన) ఏరియాకి 250 చాలు. 2024లో ఆమోదించిన నాలుగో విడతకి 2011 జనాభా లెక్కలే ఆధారం. ఇంకో మెలిక ఉంది, చాలామందికి తెలీదు: కొండల్లో ఒకటిన్నర కిలోమీటరు నడకదూరంలో ఉన్న పేటల్ని కలిపి లెక్కేయొచ్చు.

ఇంకొకరు:
జనగణన పుస్తకంలో మీ ఊరి పేరు వెతకండి. బస్సు ఎంత దూరం అన్నచోట "5 కిలోమీటర్ల లోపు" అని ఉంటుంది. కాగితం మీద దగ్గరే మరి! గెడ్డకీ ఎక్కుడుకీ అందులో గడి లేదు.

ప్రశ్న అడిగినవారు:
మా ఊరొక్కటే అయితే 250కి కొంచెం తక్కువ. గెడ్డ అవతలి పేట కలిస్తే దాటేస్తాం. సోమవారం అర్జీలో ఇదే రాస్తా. 2025 ఆగస్టు 15 నుంచి పల్లెవెలుగులో ఆడవాళ్ళకి టికెట్ లేదు కదా, మా అమ్మ అడుగుతోంది, "ఆ బస్సు దాకా నడిచే నడకకి ఎవరిస్తారు?" అని.