అప్‌డేట్: నా రోమన్ వెండి నాణెం మీద ఉన్న ఇద్దరెవరో తెలిసింది

పోయిన నెల లండన్‌లో కొన్న ఒక వెండి దినారియస్ గురించి అడిగాను కదా, ఒకవైపు దండ పెట్టుకున్న తల, రెండోవైపు డాళ్లు పట్టుకుని నిలబడ్డ ఇద్దరు, అక్షరాలు సగం అరిగిపోయాయని. మీలో ఒకరు చెప్పినట్టు దీపం పక్కనుంచి పెట్టి చూశాను, అంతే, అక్షరాలు లేచి నిలబడ్డాయి!

తల మొదటి రోమన్ చక్రవర్తి అగస్టస్‌ది. చుట్టూ ‘సీజర్ అగస్టస్ డివి ఎఫ్ పాటర్ పాట్రియే’, అంటే దేవుడైన సీజర్ కొడుకు, దేశపిత. ఆ బిరుదు ఆయనకు క్రీ.పూ. 2లో వచ్చింది కాబట్టి నాణెం అంతకన్నా పాతది కాదు. నేను సైనికులనుకున్న ఇద్దరూ ఆయన మనవళ్లు, దత్తత తీసుకున్న వారసులు, గయస్, లూషియస్. కాళ్ల కింద ‘సి ఎల్’ అని ఉంది, లాటిన్‌లో గయస్‌ని పొట్టిగా రాస్తే సి అనే రాస్తారట, నేను తికమకపడింది అక్కడే. తలల మధ్య పైన చిన్న గరిటె, వంపు కర్ర, రెండూ పూజారుల గుర్తులు.

పాపం ఇద్దరూ తాతకంటే ముందే పోయారు, లూషియస్ క్రీ.శ. 2లో, గయస్ 4లో.

మా నల్గొండ జిల్లా అక్కనపల్లిలో కూడా అగస్టస్ దినారియస్‌లు దొరికాయని తెలిసి ఒళ్లు పులకరించింది. నాణెం తోమొద్దని అప్పుడు నన్ను ఆపినవాళ్లకి చాలా థ్యాంక్స్.