మా కారప్పూస వెనక కాలు కింద పెట్టడం లేదు, ఎక్కడా పడలేదు. ఎవరి పిల్లికైనా ఇలా జరిగిందా?

కారప్పూస వాళ్ళమ్మ (సోమవారం, ఉదయం 7:42)
అందరికీ నమస్కారం. మా పిల్లి పేరు కారప్పూస. మగవాడు, ఏడాది నాలుగు నెలలు. ఐదో నెలలోనే పిల్లలు పుట్టకుండా ఆపరేషన్ చేయించాం. బరువు 5.8 కిలోలు. కూకట్‌పల్లిలో మూడో అంతస్తు, బాల్కనీకి వల ఉంది. వాడు గడప దాటడు, మహా అయితే కారిడార్‌లో చెప్పుల స్టాండు దాకా వెళ్ళి వస్తాడు. ఇవాళ లేచేసరికి కుడి వెనక కాలు పైకి పట్టుకుని మూడు కాళ్ళ మీద గెంతుతున్నాడు. గాయం లేదు, రక్తం లేదు, వాపూ చేతికి తగలడం లేదు. తొడ పైభాగం పట్టుకుంటే మాత్రం చెయ్యి కొరికాడు, ఎప్పుడూ కొరకనివాడు. పది రోజులుగా ఫ్రిజ్ మీదికి ఎక్కడం మానేశాడు, ఎండలకు బద్ధకం అనుకున్నాం. పొద్దున పెరుగన్నం తిన్నాడు, పాస్ పోశాడు.

మూడు ప్రశ్నలు. ఇవాళే డాక్టరు దగ్గరికి వెళ్ళాలా, రెండు రోజులు చూడొచ్చా? నొప్పికి ఇంట్లో ఏమైనా ఇవ్వొచ్చా? వీణ్ణి కదలకుండా ఒకచోట ఉంచేదెలా? మాది ఒకే పడగ్గది.

శీను సామర్లకోట (7:58)
ముందు నాలుగు పాదాలూ ముట్టుకుని చూడండి. మిగతావన్నీ తర్వాత. మా మీనూ ఒక రాత్రి ఒకే ఒక్క అరుపు అరిచింది. ఆ అరుపు నాకు ఇప్పటికీ వినిపిస్తుంది. వెనక కాళ్ళు రెండూ పడిపోయాయి. పాము కరిచిందేమోనని గంటన్నర టార్చి పట్టుకుని కాటు కోసం వెతికాం. పాము కాదు. గుండె గోడ మందమైపోయి, లోపల గడ్డకట్టిన రక్తం జారి, పెద్ద రక్తనాళం రెండు కాళ్ళకూ చీలే చోట ఇరుక్కుందట. అరికాళ్ళు ఐసు ముక్కల్లా ఉన్నాయి, గోళ్ళ మొదట్లో నీలం. తెల్లవారకముందే పోయింది. కాలు చల్లగా తగిలితే ఇక్కడ రాయడం ఆపి ఆటో ఎక్కండి.

కారప్పూస వాళ్ళమ్మ (8:03)
వెచ్చగానే ఉందండీ. అరికాళ్ళు నాలుగూ ఒకే గులాబీ రంగు. మీ మీనూ గురించి చదివితే కళ్ళు చెమర్చాయి.

రాయుడు భీమవరం (8:11)
ఇంత టెన్షన్ ఎందుకమ్మా. పారాసిటమాల్ పావు ముక్క పంచదారలో కలిపి నాకించండి, సాయంత్రానికి గోడలెక్కుతాడు.

నాలుగు పిల్లుల నాగమణి (8:13)
వద్దు!! కారప్పూస వాళ్ళమ్మ గారూ, అది మాత్రం పెట్టకండి. రాయుడు గారూ, ఆ పోస్టు ముందు తీసేయండి. పిల్లి కాలేయానికి ఆ మందును విరిచి బయటికి పంపే శక్తి లేదు. ఒక్క 500 మాత్ర చాలు ప్రాణం తీయడానికి, పావు కూడా పిల్లికి విషమే. రక్తం ఆక్సిజన్ మోయలేక చాక్లెట్ రంగుకి తిరుగుతుంది, మొహం ఉబ్బుతుంది, చిగుళ్ళు గోధుమ రంగు అవుతాయి. ఎసిటైల్ సిస్టీన్ అని విరుగుడు ఉంది కానీ గంటల్లో పడాలి. ఐబుప్రొఫెన్, డైక్లోఫెనాక్ కూడా అంతే.

రాయుడు భీమవరం (8:20)
మా కుక్కకి రెండుసార్లు వేశాం. రాయిలా ఉంది.

నాలుగు పిల్లుల నాగమణి (8:21)
పిల్లి అంటే చిన్న సైజు కుక్క కాదండీ.

చిత్తూరోడు (8:47)
ఎవరూ చెప్పడం లేదే! పుత్తూరు కట్టు ఉండగా ఇంత చర్చ ఎందుకు? మా నాయనకి ముంజేయి విరిగితే ఆకు పసరు, కోడిగుడ్డు తెల్లసొన పూసి, వెదురు బద్దలు పెట్టి గుడ్డతో చుట్టినారు. నెలన్నరకి కొబ్బరికాయ కొట్టినాడు అదే చేత్తో. మనిషి ఎముకకి పట్టింది పిల్లి ఎముకకి పట్టదా?

శీను సామర్లకోట (8:55)
తెల్లసొన పూసి పిల్లికి చుడితే అది కట్టు కాదు బాబూ, టిఫిను.

చిత్తూరోడు (9:02)
నవ్వండి. ఎక్కడెక్కడి నుంచో బస్సులెక్కి జనం వచ్చేది టిఫినుకి కాదు.

బెజవాడ స్వప్న (9:15)
ఇది చదివి ఊరుకోలేకపోతున్నాను. మా ఊళ్ళో ఒకాయన (పుత్తూరు కాదు, మా పక్క సందు) మా పిల్లి ముందుకాలికి బద్దలు బిగించి కట్టాడు. మూడో రోజుకి వేళ్ళు వాచి చల్లబడ్డాయి. వాసన వచ్చేదాకా మాకు తెలియలేదు. కాలు భుజం దాకా తీసేశారు. ఇప్పుడు మూడు కాళ్ళతో బీరువా ఎక్కుతోంది, అది వేరే సంగతి. కానీ ఎముక విరిగిందో లేదో చూడకుండా కట్టేసిన మనిషిని, కట్టనిచ్చిన నన్ను, ఇద్దరినీ నేను క్షమించలేదు.

చిత్తూరోడు (9:22)
అది పుత్తూరు కాదని మీరే అంటిరి. మరి మా మీద పడతారేం?

బెజవాడ స్వప్న (9:24)
మీ మీద ఎవరు పడ్డారు? తొడ పైన నొప్పి అని ఆవిడ రాసింది. తొడ మొదట్లో, తుంటి దగ్గర ఏ బద్ద నిలుస్తుంది? ఎక్కడ చుడతారు, నడుముకా?

చిత్తూరోడు (9:31)
నడుముకే చుడతారు. తెలియకపోతే అడగండి.

శీను సామర్లకోట (9:33)
నడుముకి కట్టు, మెడలో గంట. రెండూ ఒకేసారి కానిచ్చేద్దాం.

విశ్రాంత పశుసేవ (10:05)
అనుభవం లేనివాళ్ళు మాట్లాడుతుంటే చూస్తూ కూర్చోలేక రాస్తున్నాను. పశువుల ఆసుపత్రుల్లో 31 ఏళ్ళ సర్వీసు నాది. తుంటి జారిన ఎద్దును నలుగురం పట్టుకుని సరిచేసిన రోజులున్నాయి, అప్పుడు ఎక్స్‌రే ఎవరు చూశారు? నూటికి నూరుపాళ్ళు ఇది దెబ్బ. ఎవరో కర్రతో కొట్టారు. వెనక కాలు, గాయం లేదు, తొడలో నొప్పి: ఇంతకంటే ఏం కావాలి?

చదివి వెళ్ళిపోయేదాన్ని (10:12)
మొదటిసారి రాస్తున్నాను. పది రోజులుగా ఫ్రిజ్ ఎక్కడం లేదని ఆవిడ రాశారు కదా. అంటే ఇవాళ మొదలైంది కాదేమో?

కారప్పూస వాళ్ళమ్మ (10:20)
కర్ర అనగానే నాకు వెలిగింది. కింది ఫ్లాట్ అంకుల్‌కి పిల్లులంటే పడదు. ఎదురొస్తే ఇంట్లోకి వెళ్ళి కాసేపు కూర్చుని మళ్ళీ బయలుదేరతాడు. నిన్న సాయంత్రం కారిడార్ తలుపు పది నిమిషాలు తెరిచి ఉంది. ఇప్పుడే వెళ్ళి అడిగేశాను. పెద్ద గొడవ అయింది.

వకీలు వనపర్తి (10:41)
ఆధారం లేకుండా పేరు రాయకపోవడం మంచి పని, అలాగే ఉండండి. జంతువును చంపినా, అవిటిదాన్ని చేసినా భారతీయ న్యాయ సంహిత సెక్షన్ 325 కింద ఐదేళ్ళ దాకా జైలు. 1960 నాటి జంతు హింస నిరోధక చట్టంలో మొదటి తప్పుకి జరిమానా మాత్రం 10 నుంచి 50 రూపాయలు, ఇప్పటికీ. మా అసోసియేషన్ పిల్లి లిఫ్ట్ ఎక్కిందని 500 వసూలు చేసింది, ఆ కథ ఇంకోసారి.

రాయుడు భీమవరం (10:50)
ఇంకోసారి ఎందుకు, ఇప్పుడే చెప్పండి. మా అపార్ట్‌మెంట్‌లోనూ లిఫ్ట్ గొడవే.

నాలుగు పిల్లుల నాగమణి (11:04)
నాకు లిఫ్ట్ కన్నా పెరుగన్నం మీద బాధగా ఉంది. పిల్లి మాంసం తినే ప్రాణి. టారిన్ అనేది మాంసంలోనే దొరుకుతుంది, అది చాలకపోతే గుండె సాగిపోతుంది, చూపు పోతుంది. 1987లో ఆ గుండె సంగతి బయటపడ్డాకే కంపెనీలు పిల్లుల మేతలో దాన్ని సరిపడా కలపడం మొదలుపెట్టాయి.

రాయుడు భీమవరం (11:10)
మా అమ్మమ్మ గారింటి పిల్లి పద్నాలుగేళ్ళు పెరుగన్నం తినే బతికింది.

నాలుగు పిల్లుల నాగమణి (11:12)
మీ అమ్మమ్మ గారి పెరట్లో గాదె ఉంది, గాదె కింద ఎలుకలున్నాయి. అది కళ్ళు మూసుకుని పెరుగు తాగింది, రాత్రికి తన భోజనం తను చూసుకుంది. కూకట్‌పల్లి మూడో అంతస్తులో ఎలుక ఎక్కడిదండీ?

కాకినాడ కాజా (11:30)
మాంసం మాంసం అని అదొక్కటే పెట్టినా గోతిలో పడతాం. మేం మంచిదనుకుని పిల్లిపిల్లకి నాలుగు నెలలు ఎముకల్లేని చికెన్ ముక్కలే పెట్టాం. మాంసంలో భాస్వరం ఎక్కువ, కాల్షియం దాదాపు లేదు. ఒళ్ళు తన ఎముకల్లోంచే కాల్షియం లాక్కుందట. సోఫా మీంచి దిగితే తొడ ఎముక పచ్చి కొమ్మలా వంగిపోయింది. ఎక్స్‌రేలో ఎముకలు చుట్టూ ఉన్న కండంత లేతగా కనిపించాయి. డాక్టరు తిడతారనుకున్నాను, తిట్టలేదు, వారానికి ఇద్దరు ఇలా వస్తారన్నారు. మేత మార్చి, నెల పైన పెట్టెలో ఉంచాక కోలుకుంది. నడుము కొంచెం వంకర, అది పోదు.

డల్లాస్ బాబాయ్ (సాయంత్రం 6:15)
ఇక్కడ మా పిల్లి కుంటితే లోపలికి అడుగుపెట్టినందుకే 180 డాలర్లు, ఎక్స్‌రే వేరే. ఇన్సూరెన్స్ వాళ్ళు ఇది పాత జబ్బు అన్నారు. మీరు అదృష్టవంతులు.

కారప్పూస వాళ్ళమ్మ (6:32)
బాబాయ్ గారూ, మాకూ ఊరికే చేయరు. మూడో ప్రశ్నకు ఎవరైనా జవాబు చెబుతారా? మంచం కింద దూరి రావడం లేదు. రేపు పొద్దున రాజేంద్రనగర్ పశువైద్య కళాశాలకి తీసుకెళ్తున్నాం.

విశ్రాంత పశుసేవ (6:40)
వృథా ఖర్చు. గోరువెచ్చని ఇసుక కాపడం పెట్టండి.

బెజవాడ స్వప్న (6:44)
కొరికేంత నొప్పి ఉన్న చోట కాపడమా? లోపల ఏముందో తెలియకుండా?

విశ్రాంత పశుసేవ (6:49)
మీరు పుట్టకముందు నుంచీ చేస్తున్నాను.

కారప్పూస వాళ్ళమ్మ (మంగళవారం, రాత్రి 9:10)
వెళ్ళి వచ్చాం. మత్తు ఇచ్చి ఎక్స్‌రే తీశారు. మామూలుగా పడుకోబెట్టి తీసినదాంట్లో ఏమీ తెలియలేదు. కాళ్ళు రెండూ కప్పలా వెడల్పుగా చాపి ఇంకొకటి తీశారు, దాంట్లో కనిపించింది. తొడ ఎముక పైన బంతిలాంటి తల ఉంటుంది కదా, అది ఎదిగే పొర దగ్గర విడిపోయి పక్కకి జారింది. దెబ్బ తగలక్కర్లేదట! రెండేళ్ళ లోపు మగపిల్లులకి, అందులోనూ చిన్నప్పుడే ఆపరేషన్ అయి బరువెక్కినవాటికి, ఆ పొర గట్టిపడటం ఆలస్యమవుతుంది. దానంతటదే కొంచెం కొంచెంగా జారుతుంది. డాక్టరు అడిగిన మొదటి ప్రశ్న: ఈ మధ్య ఎక్కడికైనా ఎక్కడం మానేశాడా? నాకు నోట మాట రాలేదు. చదివి వెళ్ళిపోయేదాన్ని గారూ, మీరు అడిగారు, ఇక్కడ ఎవరమూ పట్టించుకోలేదు.

శుక్రవారం సర్జరీ. ఆ బంతి తీసేస్తారు. దాని స్థానంలో కండ, నారపొర కలిసి కీలులా పనిచేస్తాయట, పిల్లి తేలికగా ఉంటుంది కాబట్టి బాగానే నడుస్తుందన్నారు. రెండో కాలికీ రావచ్చు, చూస్తూ ఉండమన్నారు. ముందు బరువు తగ్గించాలి. పెరుగన్నం బంద్.

విశ్రాంత పశుసేవ (9:25)
ఎక్స్‌రేలో కర్ర కనపడదమ్మా.

రాయుడు భీమవరం (9:31)
అంటే పిల్లలు పుట్టకుండా ఆపరేషన్ చేయించడమే తప్పన్నమాట. నేను మొదటి నుంచీ అంటూనే ఉన్నాను.

నాలుగు పిల్లుల నాగమణి (9:33)
ఎప్పుడూ అనలేదు మీరు. ఇది అరుదుగా వచ్చేది. దాని కోసం ఏడాదికి రెండు మూడు కాన్పులూ, వీధి కొట్లాటలూ, చీము గడ్డలూ భరిద్దామా? మా నాలుగింటికీ చేయించాను, నాలుగూ ఎక్కుతున్నాయి, దిగుతున్నాయి.

చిత్తూరోడు (9:50)
జారిన ఎముకే కదా. కోయకుండా కట్టుతో...

బెజవాడ స్వప్న (9:51)
అన్నా, దండం పెడతాను.

వకీలు వనపర్తి (9:58)
కింది ఫ్లాట్ ఆయన సంగతి ఏమైంది? పరువు నష్టం అంటే మీకే ఇబ్బంది.

కారప్పూస వాళ్ళమ్మ (10:06)
వెళ్ళి క్షమాపణ అడిగాను. తలుపు సగమే తీసి విన్నాడు. "పిల్లి బతుకుతుందా" అన్నాడు. బతుకుతుందన్నాను. తలుపేసుకున్నాడు.

కారప్పూస వాళ్ళమ్మ (ఆదివారం, మధ్యాహ్నం 12:20)
సర్జరీ అయింది. కుట్లు నాకకుండా మెడకి గరాటా పెట్టారు, వాడికి దానిమీదే ఎక్కువ కోపం. కదలకుండా ఎలా ఉంచాలని నేను ఇక్కడ ఏడుస్తుంటే, డాక్టరు మందుల చీటీ మీద రాసింది తలకిందులు: "త్వరగా నడిపించండి, ఆ కాలు వాడేలా చూడండి, ఎగరనీయకండి." గిన్నె గదికి ఆ మూల, పాస్ పోసే మట్టి ట్రే ఈ మూల పెట్టాం. నిన్న నాలుగు అడుగులు కాలు ఆనించాడు. మూడో ప్రశ్నకు ఇంక జవాబు అక్కర్లేదు, ఎలాగూ ఎవరూ ఇవ్వలేదు.

డల్లాస్ బాబాయ్ (1:02)
మొత్తం ఎంతయింది?

కాకినాడ కాజా (1:15)
నేను ఇవ్వాలనుకున్నాను మూడో దానికి. పెద్ద కుక్కల బోను అద్దెకి దొరుకుతుంది, మేం అదే తెచ్చాం. వేరేవాళ్ళకి పనికొస్తుందని చెబుతున్నాను.

కొత్త సభ్యుడు 77 (సాయంత్రం 4:40)
ఇదే సమస్య మాకూ. మా పిల్లి తోక తలుపు సందులో పడింది. నిన్నటి నుంచి తాడులా వేలాడుతోంది, తోక ఎత్తడం లేదు. కాళ్ళు బాగానే ఉన్నాయి. నొప్పికి ఇంట్లో ఏమైనా ఇవ్వొచ్చా?

నాలుగు పిల్లుల నాగమణి (4:42)
ఇంట్లో ఏ మందూ ఇవ్వకండి. పాస్ పోస్తోందా? ముందు అది చెప్పండి.